అయ్యగారి డైరీ

మా నాన్న పాస్టరు. ఈ ముక్క ఆఫీసులో ఎవరికైనా చెప్తే రెండు రకాల స్పందనలు వస్తాయి. ఒకటి, "అయితే నీకు బైబిలంతా కంఠతా వచ్చుండాలే!" రెండోది, చిన్నగా దగ్గి మాట మార్చెయ్యడం. మతం గురించి ఏం మాట్లాడితే ఏమొస్తుందోనని భయం కాబోలు, పాపం. ఇన్నేళ్ళ ఉద్యోగంలో "అవునూ, పాస్టరుగారు ఆదివారం తప్పితే మిగతా ఆరు రోజులూ ఏం చేస్తారు?" అని అడిగినవాడు మాత్రం ఒక్కడూ తగల్లేదు.

అడిగితే చెప్పేవాణ్ణి. మా ఊరి సంఘంలో ఎవరికి జ్వరమొచ్చినా ముందు మా ఇంటి తలుపే తట్టేవాళ్ళు, ఆ తర్వాతే ఆరెంపీ డాక్టరు. మొగుడూ పెళ్ళాం కొట్టుకుంటే రాత్రి పదకొండింటికి పంచాయితీ మా వరండాలోనే. కొత్త ట్రాక్టరు కొంటే దాని ముందు నిలబడి ప్రార్థన చెయ్యాలి, బోరులో నీళ్ళు పడకపోతే ఆ గుంట దగ్గరా చెయ్యాలి. జీతం అనే మాట పెద్దది. సంఘంలో ఆడవాళ్ళు రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టి, ఆదివారం గుడికి తెచ్చేవారు. అవే మా ఇంటి బియ్యం. ముప్ఫై ఇళ్ళ బియ్యం, ముప్ఫై రకాలు. పాతవీ కొత్తవీ, సన్నవీ దొడ్డువీ, కోటా బియ్యం, అన్నీ ఒకే డబ్బాలో. మా అమ్మ ఎంత జాగ్రత్తగా వండినా ఒక మెతుకు చిమిడిపోయేది, పక్క మెతుకు పలుకుగా ఉండేది. నేను హాస్టల్లో చేరాకే తెలిసింది, అన్నమంటే అన్ని మెతుకులూ ఒకేలా ఉడకాలని :)

సరే, ఇది నా గోల. అసలు విషయానికొస్తాను.

చాలా ఏళ్ళ క్రితం ఆన్ సైట్ మీద ఇంగ్లండులో ఉన్నప్పుడు, వీకెండ్ లో తోచక ఊళ్ళో లైబ్రరీకి వెళ్ళేవాణ్ణి. అక్కడ అట్ట ఊడిపోవడానికి సిద్ధంగా ఉన్న ఒక లావుపాటి పుస్తకం కనపడింది. రాల్ఫ్ జాసెలిన్ అనే పాస్టరు డైరీ. పదిహేడో శతాబ్దం మనిషి. పేజీ తిప్పితే తేనెటీగ ముక్కు మీద కుట్టడం గురించి రాసుకున్నాడు. ముల్లు వెంటనే పీకేసి తేనె రాశాడట, మొహం వాయలేదట, కాబట్టి దేవుడి కాపుదల ఇంత చిన్న విషయాల్లో కూడా ఉంటుందని నిర్ధారణ. నాకు నవ్వొచ్చింది. నవ్వొచ్చిన వెంటనే ఇంకో సంగతి గుర్తొచ్చింది. మా నాన్నా అచ్చం ఇలాగే రాసేవారు. బ్యాంకువాళ్ళు ఊరికే ఇచ్చే డైరీల్లో, పాల లెక్క కిందే ప్రసంగం హెడ్డింగులు, దాని కింద "సైకిలు పంక్చరు. అయినా సమయానికి చేరితిని. దేవునికి స్తోత్రము" అని.

ఆ పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను. అప్పట్నించీ వదల్లేదు.

జాసెలిన్ 1617 లో ఎసెక్స్ లో పుట్టాడు. తాతల కాలంలో బాగా పొలం ఉన్న కుటుంబమే, తండ్రి చేతిలో చాలా వరకు పోయింది. చిన్నప్పుడు గురువులు మాట్లాడుతుంటే కళ్ళప్పగించి చూసి, ఇంటికొచ్చి మూల నిలబడి వాళ్ళలాగే ప్రసంగం చేసేవాడినని తనే రాసుకున్నాడు. (పాస్టర్ల ఇళ్ళలో పిల్లలందరికీ ఈ ఆట తెలుసు. మా అన్నయ్య ప్రసంగం, నేను సంఘం. మా అన్నయ్య ప్రసంగంలో ఎప్పుడూ కానుకలే ఎక్కువ.) కేంబ్రిడ్జిలో జీసస్ కాలేజీలో చదివాడు. చదువు మధ్యలో తండ్రి పోయాడు. ఆస్తి లేదు, బడిలో అసిస్టెంటు పంతులుగా చేశాడు, తర్వాత ఓల్నీ అనే ఊళ్ళో సహాయ గురువయ్యాడు. అక్కడ మొదటి ఆదివారమే చర్చిలో ఒకమ్మాయి మీద ఇతని చూపు పడింది, ఆ అమ్మాయి చూపు ఇతని మీద పడింది. జేన్ కాన్ స్టబుల్. 1640 అక్టోబరులో పెళ్ళయింది. ఆరాధన జరుగుతుండగా పాస్టరుగారు అలా చూడొచ్చా అని మా సంఘ పెద్దలు అడిగేవారే, కానీ ఆయన మాత్రం దాన్ని కూడా దేవుడి నడిపింపు కిందే వేసేశాడు.

1641 లో ఎర్ల్స్ కోన్ అనే పల్లెకు పాస్టరుగా వచ్చాడు. కోల్చెస్టర్ కి పడమటగా పది మైళ్ళు. 1683 ఆగస్టులో చనిపోయేదాకా అదే ఊరు, అదే చర్చి. నలభై రెండేళ్ళు. ఈ నలభై రెండేళ్ళలో దేశంలో ఏమేం జరిగాయో చూడండి. రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం, 1649 లో రాజు తల నరకడం, క్రామ్ వెల్ పాలన, 1660 లో మళ్ళీ రాజు, 1665 లో ప్లేగు, 1666 లో లండన్ తగలబడటం. చరిత్ర పుస్తకాలకి ఇవే చాప్టర్లు. జాసెలిన్ డైరీలో ఇవన్నీ ఉన్నాయి, కానీ ఆవు ఈనడానికీ, పిల్లకి పళ్ళు రావడానికీ, జలుబుకీ, గడ్డి కోతకి వాన అడ్డం రావడానికీ మధ్యలో ఇరుక్కుని ఉన్నాయి. రాజుని చంపారని తెలిసి ఏడ్చాడు. ఏడ్చినవాడు రాజు మనిషా అంటే కాదు, యుద్ధంలో పార్లమెంటు వైపు పటాలానికి చాప్లిన్ గా వెళ్ళినవాడే! 1648 లో కోల్చెస్టర్ ముట్టడికి ముందు రాజు సైన్యం ఈ ఊరి మీదుగా పోతూ ఇతని ఇల్లు దోచుకుంది. ఇత్తడి సామాను, తగరపు గిన్నెలు, పరుపులు తప్పితే మోసుకుపోగలిగిందంతా పట్టుకుపోయారు. ఏమేం మిగిలాయో ఆ జాబితా రాసుకున్నాడు చూశారా, అది సంసారం చేసినవాడి రాత.

ఆయన సంపాదన సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే పాస్టరంటే జీతం లేని సాధువు అనో, కానుకలు మింగే ఘనుడు అనో, ఈ రెండు బొమ్మలే మన జనానికి తెలుసు. ఆ రోజుల్లో ఇంగ్లండులో పాస్టరు ఆదాయం దశమభాగం. ఊళ్ళో పండినదాంట్లో పదోవంతు చట్టప్రకారం చర్చికి రావాలి. చట్టప్రకారం రావలసింది చట్టప్రకారం ఎప్పుడొచ్చింది కనక? యుద్ధం మొదలయ్యాక జనం ఇవ్వడం తగ్గించేశారు, జాసెలిన్ డైరీలో ఈ ఏడుపు పదేపదే కనిపిస్తుంది. అందుకని ఏం చేశాడంటే, కొన్నాళ్ళు ఊరి బడికి హెడ్మాస్టరుగా చేశాడు. పొలం కొన్నాడు, కౌలుకిచ్చాడు, సొంతంగా సేద్యం చేయించాడు. బీరులో వేసే హాప్స్ తోట పెంచాడు. తేనెటీగల పెట్టెలు పెట్టాడు (ముక్కు మీద కుట్టింది వాటిలోదే అయ్యుండాలి). ఊళ్ళో భూస్వామి హార్లకెండెన్ ఇతనికి అండ. అంటే చర్చి, బడి, సేద్యం, పెద్దవాళ్ళతో స్నేహం, ఈ నాలుగు కాళ్ళ మీద ఆ సంసారం నిలబడింది. ఏటా సంవత్సరాంతానికి లెక్క తేల్చుకుని, అప్పెంత, నిల్వెంత, దేవుడు ఎంత మేలు చేశాడు అని ఒకే వరసలో రాసుకునేవాడు. దేవుడికీ లెక్కలకీ మధ్య అతనికి గోడ లేదు. నాకిది మొదట్లో కొంచెం ఎబ్బెట్టుగా అనిపించింది. తర్వాత పాల లెక్క కింద ప్రసంగం హెడ్డింగు గుర్తొచ్చి ఊరుకున్నాను.

అతని చెల్లెలు మేరీ కూడా ఆ ఇంట్లో పనిమనిషిగా చేరింది. అవును, తోడబుట్టిన చెల్లెలే. పనిమనిషిగానే వచ్చింది, కానీ నేను చెల్లెలిగానే చూస్తాను, అని రాసుకున్నాడు. మనకి వింతగా ఉంటుంది గానీ, అక్కడ మధ్యతరగతి పిల్లలు పదేళ్ళకీ పదిహేనేళ్ళకీ మధ్య ఇల్లు వదిలి వేరేవాళ్ళింట్లో పనికో, పని నేర్చుకోడానికో వెళ్ళడం మామూలే. జాసెలిన్ పిల్లలూ అలాగే వెళ్ళారు, ఎక్కువమంది లండన్ కి. మనం పిల్లాణ్ణి ఆరో క్లాసులోనే కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో పడేసి, అది వాడి బాగు కోసమే అనుకోవడం లేదూ? అలాగే.

ఇక చర్చి. 1651 ఫిబ్రవరిలో అతను ప్రభు భోజన సంస్కారం ఇచ్చాడు. అంతకుముందు తొమ్మిదేళ్ళు ఆ ఊళ్ళో ఆ సంస్కారం జరగనే లేదు! ఎవరు యోగ్యులు, ఎవరు కారు అన్న తగువు తెగక వాయిదాలు పడుతూ వచ్చింది. తీరా జరిగిన రోజున తీసుకున్నవాళ్ళు 34 మంది. ఊరంతటికీ పాస్టరు, బల్ల దగ్గరికొచ్చింది 34 మంది. తన జనాన్ని అతను మూడు రకాలుగా విడదీశాడు: ఒకటి మా సహవాసం, రెండు నిద్రపోయే శ్రోతలు, మూడు అసలు వాక్యానికి రానివాళ్ళు. మూడు వందల డెబ్బై ఏళ్ళయింది, ఈ వర్గీకరణలో మార్చాల్సింది నాకేమీ కనపడలేదు. రెండో వర్గంలో నేను చాలా ఏళ్ళు సీనియర్ మెంబర్ని.

క్వేకర్లంటే అతనికి కంపరం. ఆ కొత్త గుంపువాళ్ళు గురువులక్కర్లేదు, దశమభాగాలక్కర్లేదు అనేవారు. ఇతని కూడు మీదే దెబ్బ కదా మరి. పక్క ఊరు కోగ్గెషాల్ లో 1655 లో జేమ్స్ పార్నెల్ అనే కుర్రాణ్ణి పట్టుకుని కోల్చెస్టర్ కోటలో పెట్టారు. ఇరవయ్యేళ్ళైనా నిండకుండానే మరుసటేడు అందులోనే చచ్చిపోయాడు. జాసెలిన్ లాంటి మెత్తని మనిషికి ఈ విషయంలో మాత్రం జాలి పుట్టలేదు. ఈ డైరీ మీద నాకెంత ఇష్టమున్నా ఇక్కడ అతన్ని వెనకేసుకురాలేను.

1662 ఇంకో కథ. రాజు తిరిగొచ్చాక, కొత్త ప్రార్థనా పుస్తకాన్ని పూర్తిగా ఒప్పుకోని పాస్టర్లని ఉద్యోగాల్లోంచి తీసేశారు. 1660 నుంచి లెక్కేస్తే దాదాపు 2 వేలమంది రోడ్డున పడ్డారు. జాసెలిన్ ఆలోచనలు వాళ్ళ ఆలోచనలే, కానీ అతను మాత్రం పోలేదు. పూర్తిగా లొంగలేదు, పూర్తిగా ఎదిరించనూలేదు. కోర్టు పిలిస్తే వెళ్ళి వచ్చాడు, పుస్తకంలోంచి కొంత చదివి కొంత వదిలేశాడు, గురువులు వేసుకోవాల్సిన తెల్ల అంగీ వేసుకోకుండా ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చి, 1680 లో మొదటిసారి వేసుకున్నాడు. అంటే పద్దెనిమిదేళ్ళు! ఉద్యోగం ఇవాళ పోతుందా రేపు పోతుందా అని ఎదురుచూస్తూ. పిరికితనం అంటారా? నాకైతే అనబుద్ధి కాదు. అప్పటికి ఇంట్లో భార్య, చిన్నపిల్లలు. లేఆఫ్ లిస్టులో మన పేరుందో లేదో తెలియని నెలల్లో మనలో ఎంతమంది మేనేజరుతో తగువు పెట్టుకున్నారో చెప్పండి.

జేన్ పదిమంది పిల్లల్ని కంది. మధ్యలో పోయిన కడుపులు వేరే. పురుళ్ళన్నీ ఇంట్లోనే, చుట్టుపక్కల ఆడవాళ్ళొచ్చి చుట్టూ కూచునేవారు. ప్రతి కాన్పుకి ముందూ ఆవిడ చచ్చిపోతానేమోనని భయపడేది, అతనూ భయపడేవాడు, ఆ భయం డైరీలో ఉంది. ఆవిడ సొంత మాటలు మాత్రం మనకి లేవు. డైరీ అతనిది, పెన్ను అతని చేతిలో ఉంది. మా అమ్మకీ డైరీ లేదు. ముప్ఫై రకాల బియ్యం వండినావిడ కథ నేను చెప్తే తప్ప ఎక్కడా ఉండదు.

1648 ఫిబ్రవరిలో ఒక మగపిల్లాడు పుట్టాడు, పేరు రాల్ఫ్, తండ్రి పేరే. పది రోజులు బతికాడు. ఎందుకిలా చేశావు దేవా అని తనని తాను వెతుక్కుని, నేను వేళాపాళా లేకుండా చదరంగం ఆడాను, అందుకా, అని రాసుకున్నాడు. ఈ వాక్యం దగ్గర నేను పుస్తకం మూసేశాను ఆ రోజు. చదరంగం! కోపం వచ్చింది నిజానికి. కానీ ఆలోచిస్తే, బిడ్డ పోయిన తండ్రికి కారణం కావాలి. సర్వర్ పడిపోతే రూట్ కాజ్ రాయకుండా టికెట్ మూయలేం కదా. కారణం లేదు అనుకోవడం కంటే, కారణం నేనే అనుకోవడం కొందరికి తేలికేమో. అదే చోట ఇంకో మాట కూడా రాశాడు: వీడు అందరికన్నా చిన్నవాడు, మా ప్రేమ ఇంకా వాడికి అంతగా అలవాటు పడలేదు, అదే ఈ బాధలో ఊరట, అని.

ఈ మాట చరిత్రకారుల మధ్య పెద్ద గొడవకి సంబంధించింది. అప్పట్లో పిల్లలు చాలామంది పోయేవారు కాబట్టి తల్లిదండ్రులు వాళ్ళ మీద పెద్దగా ప్రేమ పెంచుకునేవారు కాదని ఒక వాదం ఉంది. లారెన్స్ స్టోన్ అనే ప్రొఫెసర్ 1977 లో దీని మీద పెద్ద పుస్తకమే రాశాడు. పది రోజుల పిల్లాడి గురించి జాసెలిన్ రాసింది చూస్తే నిజమేనేమో అనిపిస్తుంది. ఇంకో రెండేళ్ళు ముందుకెళ్ళండి.

1650 మే. పెద్దకూతురు మేరీకి జబ్బు చేసింది. మే 27 న పోయింది. ఎనిమిదేళ్ళ నలభై అయిదు రోజులు, ఆ రోజులు కూడా లెక్కపెట్టి రాశాడు తండ్రి. ఆ పిల్ల ఎంత తెలివైందో, ఎంత ఓర్పుగలదో, పెద్దవాళ్ళ మాట ఎలా వినేదో, చదువు మీద ఎంత ఇష్టమో, ఎప్పుడూ పొదుపుగా రాసేవాడు ఆగకుండా రాసుకుంటూ పోయాడు. ఊళ్ళో గొప్పింటి ఆడవాళ్ళు పెట్టెని తమ చేతుల మీద సమాధి దాకా మోసుకెళ్ళారు. చివరిసారి ఆ పెదవుల మీద ముద్దు పెట్టింది నేనే, అని రాసుకున్నాడు. ఆ తర్వాత పదిరోజులైనా తిరక్కుండా, రెండోసారి రాల్ఫ్ అని పేరు పెట్టుకున్న ఏడాది బిడ్డ కూడా పోయాడు. అవే రోజుల్లో అతని ఆత్మీయురాలు, ఊళ్ళో చర్చ్ అన్న ఇంటిపేరున్న ఒకావిడ, ఆమె కూడా పోయింది. మూడు సమాధులు. ఆదివారం వచ్చింది, ఆదివారానికి పని ఉంది. పాస్టరుకి మైల సెలవు లేదు.

ప్రేమ లేదంటే ఎలా? స్టోన్ పుస్తకాన్ని తీవ్రంగా విమర్శించినవాళ్ళలో అలన్ మాక్ ఫర్లేన్ ఒకడు. ఈయన గురించి చెప్పాలి, మన ఫీల్డువాళ్ళకి పనికొస్తుంది. షిల్లాంగ్ లో పుట్టాడు, అస్సాం టీ తోటల కుటుంబం. మానవశాస్త్రం చదివి నేపాల్ లో గురుంగ్ ల మధ్య పని చేశాడు. 1970 లో జాసెలిన్ కుటుంబ జీవితం మీద పుస్తకం రాశాడు, 1976 లో డైరీ మొత్తాన్ని అచ్చేయించాడు. అంతకుముందు 1908 లో ఒకాయన అచ్చేశాడు గానీ, ఇంటి గోల, జబ్బులు, వానలు అనవసరం అనుకుని చాలా భాగం తీసేశాడు! అంటే మనకి కావలసిందంతా తీసేశాడన్నమాట. మాక్ ఫర్లేన్ అక్కడితో ఆగకుండా ఒక బృందాన్ని పెట్టుకుని 1375 నుంచి 1854 దాకా ఎర్ల్స్ కోన్ ఊరికి సంబంధించి మిగిలిన రికార్డులు, భూమి పత్రాలు, కోర్టు కాగితాలు, బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, భూస్థాపనలు, వీలునామాలు, పోగేయించాడు. మొదట చేత్తో ఇండెక్స్ కార్డులు. తర్వాత కంప్యూటర్ లోకి. ఆ తర్వాత ఇంటర్నెట్ లో ఉచితంగా.

డేటాబేస్ పని చేసినవాళ్ళు ఒక్కసారి ఊహించుకోండి. ఒకే మనిషి పేరు నాలుగు రకాల స్పెల్లింగులతో ఉంటుంది. తండ్రికీ కొడుక్కీ పోయిన కొడుక్కీ ఒకటే పేరు (రాల్ఫ్, రాల్ఫ్, రాల్ఫ్). ప్రైమరీ కీ ఏది పెడతారు? ఇక తారీఖుల సంగతి. 1752 దాకా ఇంగ్లండులో సంవత్సరం మార్చి 25 న మొదలయ్యేది. మనం 1648 ఫిబ్రవరి అనేదాన్ని జాసెలిన్ 1647 ఫిబ్రవరి అని రాస్తాడు. ఆ లెక్కన పది రోజుల బిడ్డ పుట్టుక 1647 చివర్లో పడుతుంది. వైటూకే కోసం రాత్రిళ్ళు కూర్చున్న మా తరానికి ఈ బాధ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

ప్లేగు సంగతి కూడా రెండు ముక్కలు. 1665, 66 ల్లో కోల్చెస్టర్ లో దాదాపు 5 వేలమంది చచ్చిపోయారు. ఆ వారం ఎంతమంది పోయారో డైరీలో అంకె వేసుకునేవాడు. 2021 మేలో రోజూ రాత్రి కోవిడ్ బులెటిన్ చూసి అంకె గుర్తుపెట్టుకున్న మనకి అదేం జబ్బో తెలుసు. ఎర్ల్స్ కోన్ బతికిపోయింది.

పెళ్ళీడుకొచ్చిన కూతురి కథ ఒకటుంది. రెండోసారి మేరీ అని పేరు పెట్టుకున్న పిల్ల. 1681 లో సంబంధమొచ్చింది. అతనూ పాస్టరే కాబట్టి తండ్రికి నచ్చింది. పిల్ల కాదంది. కారణాలు కూడా చెప్పింది: నాకంటే పద్నాలుగేళ్ళు పెద్ద, పిల్లల్తో విధవగా మిగిలిపోతాను. నేను తెచ్చే కట్నానికి అతని ఆస్తి సరితూగదు. అన్నిటికంటే, అతని దగ్గర నాకు ప్రేమ కనపడలేదు. చేసుకుంటే ఇద్దరి బతుకూ నరకమౌతుంది. తండ్రి చాలా బాధపడ్డాడు, కానీ ఆ మాట విన్నాక ఇక నేను కోరలేను, అని రాసుకున్నాడు. 1681 లో! మా మేనత్తకి 1974 లో పెళ్ళి కుదిరినప్పుడు ఇన్ని కారణాలు చెప్పే అవకాశం లేదు. ఒక్కటి చెప్పబోయినందుకే మా తాతయ్య చెయ్యెత్తారట.

ఇక జాన్. నేనీ టపా రాయడానికి అసలు కారణం వీడే.

పాస్టరుగారబ్బాయి అనే మాట విన్నవాళ్ళకి తెలుసు అదేం ఉద్యోగమో. ఊళ్ళో ఏ కుర్రాడు సిగరెట్ కాల్చినా సిగరెట్ కాల్చాడంటారు, నేను కాలిస్తే "అయ్యగారబ్బాయి చూడు" అంటారు. జాన్ 1651 లో పుట్టాడు. లండన్ లో పనికి పెడితే నిలబడలేదు. ఇంటికొచ్చాడు. తాగుడు, చెడు తిరుగుడు, చెప్పాపెట్టకుండా వెళ్ళిపోవడం. ఇంతలో 1673 వచ్చింది. జూన్ లో పెద్దకొడుకు టామస్ పోయాడు, ఇరవై తొమ్మిదేళ్ళవాడు. జులై ఆఖర్లో కూతురు ఆన్ పోయింది. మగపిల్లల్లో మిగిలింది జాన్ ఒక్కడే.

1674 డిసెంబరులో ఒకరోజు తండ్రి అందర్నీ కూచోబెట్టాడు. జేన్, నలుగురు కూతుళ్ళు, మధ్యలో జాన్. వాళ్ళందరి ఎదురుగా చెప్పాడు: దేవుడికి భయపడి, నా సేద్యంలో కష్టపడి, ఆ చెడు తిరుగుళ్ళు మానుకో. జరిగిందంతా మర్చిపోతాను. మీ అమ్మ తర్వాత ఆస్తంతా నీదే, పశువులూ సామానూ కలిపి 100 పౌన్లదాకా ఇస్తాను. మానకపోతే భూమి వేరేవాళ్ళకి రాసేస్తాను, నీకు తిండికి సరిపడా మాత్రం ఏర్పాటు చేస్తాను. చివర్న ఉన్న ఆ తిండి మాట నాకు ముఖ్యం. అంత కోపంలో కూడా కొడుకు ఆకలికి హామీ ఉంది.

జాన్ ఒప్పుకున్నాడు. మారాడా? మారలేదు. తర్వాత ఒక దశలో నువ్వు నా కొడుకువే కాదన్నాడు తండ్రి. అని, ఇంట్లోనే పెట్టుకున్నాడు. 1681 లో జాన్ తండ్రికి చెప్పకుండా పెళ్ళి చేసుకున్నాడు. డైరీలో దానికి ఒక్క వాక్యం, దేవుడు వాడి తప్పులు క్షమించాలని ఒక ముక్క. రెండేళ్ళ తర్వాత జాసెలిన్ పోయాడు. వీలునామా తీస్తే ఇల్లు, పొలం జాన్ పేరే ఉన్నాయి. బెదిరింపులన్నీ డైరీలోనే ఉండిపోయాయి.

నేను హైదరాబాదులో ఉద్యోగంలో చేరాక చర్చికి వెళ్ళడం మానేశాను. గొడవేం లేదు, సిద్ధాంతం అంతకన్నా లేదు. ముందు రిలీజులు, తర్వాత బద్ధకం, ఆ తర్వాత అలవాటు. నాన్న ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఫోను చేసేవారు. "ఆరాధనకెళ్ళావా నాన్నా?" "వెళ్ళాను నాన్నా." "వాక్యమేం చెప్పారు?" ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. చిన్నప్పుడు ఆయన దగ్గర విన్న ప్రసంగాల్నే తిప్పి తిప్పి చెప్పేవాణ్ణి. తొమ్మిదేళ్ళు. ఆయన ఎప్పుడూ పట్టుకోలేదనుకున్నాను.

ఆయన పోయాక అమ్మని మా దగ్గరికి తీసుకొచ్చేటప్పుడు డైరీలు బయటపడ్డాయి. ఇరవై ఆరు. కొన్నిటికి చెదలు పట్టింది. పాతపేపర్లవాడికి వేద్దామన్నాడు అన్నయ్య, నేనే సూట్ కేసులో వేసుకొచ్చాను. ఆదివారాల పేజీలు తిప్పాను. హాజరు, కానుక మొత్తం, ప్రసంగం హెడ్డింగు. కింద, "బాబు ఫోను. గుడికి వెళ్ళానని చెప్పెను." వెళ్ళెను అని కాదు, వెళ్ళానని చెప్పెను. అన్ని ఆదివారాలూ అదే మాట. ఒకచోట మాత్రం కొంచెం ఎక్కువుంది: "ఈ వారము బాబు చెప్పిన వాక్యము నేను 1989 లో క్రిస్మసుకు చెప్పినది. బాగుగా జ్ఞాపకముంచుకొనెను."

అమ్మకి చదివి వినిపించాను. "మీ నాన్నకి అన్నీ తెలుసురా" అని, చేటలో బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. సూపర్ మార్కెట్ బియ్యంలో రాళ్ళుండవమ్మా అని ఎన్నిసార్లు చెప్పినా వినదు.